తెలిసినవాడు, విశ్వసించినవాడు

సమస్త ప్రశంసలూ మనల్ని పుట్టించి, పోషించి, మార్గం చూపిన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)పై, ఆయన కుటుంబంపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!



ద్రాక్షారామంలో నిరుటి రమజాన్‌లో ఒక రాత్రి తరావీహ్ నమాజు ముగిసి అందరూ వెళ్ళిపోయాక, డిగ్రీ చదువుతున్న ఒక అబ్బాయి నా పక్కన వచ్చి కూర్చున్నాడు. చాలాసేపు చాప అంచు గీకుతూ కూర్చుని చివరికి ఇలా అడిగాడు: "చాచా! అల్లాహ్ ఒక్కడేనని నాకు తెలుసు. ఖుర్ఆన్ ఆయన గ్రంథమని తెలుసు. చనిపోయాక మళ్ళీ లేపబడతామని తెలుసు. పరీక్షలో ఇస్తే ఆ ప్రశ్నలన్నిటికీ తప్పు లేకుండా జవాబు రాస్తాను. కాని తెల్లవారుజామున అజాన్ వినబడితే దుప్పటి ముఖం మీదికి లాక్కుంటాను. నేను నిజంగా విశ్వాసినేనా?"

ఆ అబ్బాయికి ఆ రాత్రి నేనిచ్చిన జవాబు చాలా చిన్నది. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. అది వాడి ఒక్కడి ప్రశ్న కాదు. మనందరి ప్రశ్న. తెలుసుకోవడం వేరా, విశ్వసించడం వేరా? వేరైతే ఆ రెంటికీ మధ్య ఏముంది? ఈ రోజు ఆ విషయమే మీ ముందుంచుతున్నాను.

గోదావరి నేర్పే పాఠం

మనది గోదావరి డెల్టా. 1847లో పని మొదలై 1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట వల్లనే మన చేలకు కాలువ నీళ్ళు వచ్చాయి. ఆ పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడు బ్యారేజీ ఉంది. వరద కాలంలో మన చెవులన్నీ అక్కడి కబురు మీదే ఉంటాయి. అక్కడ నీటిమట్టం 11.75 అడుగులకు చేరి ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులైతే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అడుగులకు, 13 లక్షల క్యూసెక్కులకు చేరితే రెండోది. 17.75 అడుగులు, 17 లక్షల క్యూసెక్కులైతే మూడోది. 1986 ఆగస్టులో ఆ ప్రవాహం సుమారు 35 లక్షల క్యూసెక్కులకు పోయింది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. కోటిపల్లి రేవు వైపున్న మన బంధువులకు, అవతలి లంక గ్రామాల వారికి ఆ రోజులు వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఒక లంకలో ముగ్గురు మనుషులున్నారనుకోండి. మొదటివాడు రెండో హెచ్చరిక వినగానే గొడ్లను విప్పి గట్టు మీదికి తోలాడు. బియ్యం బస్తా, కాగితాలు, ముసలి తల్లి అన్నిటినీ అందరినీ తరలించాడు. రెండోవాడు కూడా అదే కబురు విన్నాడు. అంతేకాదు, ఎన్ని అడుగులు, ఎన్ని లక్షల క్యూసెక్కులు, ఎన్ని గంటలకు మన దగ్గరికి వస్తుందో మొదటివాడికన్నా బాగా చెప్పగలడు. చెప్పి అరుగు మీదే కూర్చున్నాడు. మూడోవాడు ఏ మాటా పట్టించుకోలేదు. నీళ్ళు గుమ్మం దాటి మంచం కోళ్ళు మునిగాక పైకప్పు ఎక్కి కేకలు వేశాడు.

ఈ ముగ్గురిలో హెచ్చరికను విశ్వసించినవాడు ఎవరు? మొదటివాడే కదా! రెండోవాడికి విషయం తెలియదని ఎవరూ అనలేరు. తెలిసింది. కాని ఆ తెలిసింది వాడి కాళ్ళలోకి దిగలేదు. మూడోవాడు చివరికి పూర్తిగా నమ్మాడు. కాని అప్పటికి నమ్మకానికి విలువ పోయింది. నీళ్ళు ఇంట్లోకి వచ్చాక నమ్మనివాడు ఎవరుంటాడు?

రెండోవాణ్ణి మూర్ఖుడని తీసిపారేయకండి. వాడు ఎందుకు కదలలేదో ఆలోచించండి. ఇల్లు వదిలితే సామాను ఏమవుతుందో అన్న దిగులు. గాదెలో ధాన్యం. ఎన్నో వరదలు చూశామన్న ధీమా. వాడికి కొరవడింది సమాచారం కాదు. ఏదో ఒకటి వదలాలి, అది వదలలేకపోయాడు. సోదరులారా! జ్ఞానానికీ విశ్వాసానికీ మధ్య ఉన్న దూరం సాధారణంగా ఇదే. తెలుసుకోవడానికి మనం దేన్నీ వదులుకోనక్కరలేదు. విశ్వసించడానికి ఏదో ఒకటి వదులుకోవాలి.

'ఈమాన్' అనే మాటలో ఏముంది?

మనం విశ్వాసం అని తెలుగులో చెప్పే మాటకు అరబీలో 'ఈమాన్' అంటారు. 'అమ్న్' అంటే నిర్భయం, భద్రత. 'అమానత్' అంటే ఒకరు నమ్మి మనకప్పగించిన సొత్తు. 'అమీన్' అంటే అలాంటి సొత్తును కాపాడేవాడు. దైవప్రవక్త (స)ను ప్రవక్త కాకముందే మక్కా ప్రజలు ఆ పేరుతో పిలిచేవారు. ఈ మాటలన్నీ ఒకే ధాతువు నుంచి పుట్టాయి. అంటే ఈమాన్ అనేది మెదడులో ఒక సమాచారం చేరడం కాదు. ఒకరి మాట మీద భారం వేసి నిలబడడం. వారికి మనల్ని మనం అప్పగించుకోవడం.

జ్ఞానానికి అరబీలో 'ఇల్మ్' అనీ, గుర్తుపట్టడానికి 'మఅరిఫత్' అనీ వేరే మాటలున్నాయి. కేవలం మఅరిఫతే ఈమాన్ అని ఇస్లాం చరిత్రలో వాదించినవాడు ఒకడున్నాడు. అతని పేరు జహమ్ బిన్ సఫ్వాన్. హిజ్రీ 128లో చంపబడ్డాడు. దేవుణ్ణి హృదయంలో తెలుసుకుంటే చాలు, అదే విశ్వాసం అన్నది అతని వాదం. ఉమ్మత్‌లోని పండితులు దాన్ని గట్టిగా తిరస్కరించారు. వారి జవాబు చాలా సూటిగా ఉంది: అలాగైతే ఇబ్లీసు కూడా విశ్వాసి కావాలి, ఫిరౌన్ కూడా విశ్వాసి కావాలి!

ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహ్ అలై) మార్గంలో ఈమాన్ అంటే హృదయంతో ధ్రువీకరించి నోటితో అంగీకరించడం. ఆచరణ దాని ఫలం. ఇతర ఇమాములు ఆచరణను ఈమాన్‌లో భాగంగానే లెక్కించారు. ఈ చర్చ పెద్దది. అందులోకి పోవడం లేదు. మనకు కావలసింది ఇంతే: ఏ వైపు ఇమాములూ ఊరికే తెలిసి ఉండడాన్ని ఈమాన్ అనలేదు. హృదయం 'ఔను, ఇది సత్యం, దీనికి నేను లోబడుతున్నాను' అన్నప్పుడే జ్ఞానం విశ్వాసమవుతుంది.

ఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా 14వ ఆయత్‌లో ఈ తేడాయే కనిపిస్తుంది. కొందరు ఎడారి పల్లెవాసులు వచ్చి తాము విశ్వసించామని చెప్పుకుంటే, అలా అనవద్దనీ, లొంగిపోయామని మాత్రం అనమనీ, విశ్వాసం ఇంకా వారి హృదయాల్లో ప్రవేశించలేదనీ అల్లాహ్ తెలిపాడు. గమనించండి! విశ్వాసానికి ప్రవేశించవలసిన చోటు హృదయం. చెవిదాకా వచ్చి ఆగినదీ, నాలుకదాకా వచ్చి ఆగినదీ ఇంకా దారిలోనే ఉంది.

తెలిసి కాదన్నవారు

ఇబ్లీసు సంగతి చూడండి. అల్లాహ్ ఉన్నాడని వాడికి తెలుసు. ఆయనతో మాట్లాడాడు. ఆయనను ప్రభువని సంబోధించే గడువు కోరాడు. ప్రళయదినం ఉందని తెలుసు. తెలియనిదేముంది? ఆదం (అలైహిస్సలాం) ముందు వంగడానికి వాడి గర్వం ఒప్పుకోలేదు. అగ్నితో పుట్టిన నేను మట్టితో పుట్టినవాడికి వంగడమా అన్నాడు. వాడు వదలలేకపోయింది ఆ 'నేను'నే.

ఫిరౌన్ ప్రజలు మూసా (అలైహిస్సలాం) చూపిన సూచనలను తిరస్కరించారు. కాని వారి మనసులు వాటిని నిజమని ఒప్పుకున్నాయని, అన్యాయంతో అహంకారంతోనే కాదన్నారని నమ్ల్ సూరా 14వ ఆయత్ తెలుపుతోంది. ఫిరౌన్ చివరికి సముద్రంలో మునిగేటప్పుడు విశ్వసించానన్నాడు. ఇప్పుడా అన్న ప్రశ్నే దానికి జవాబైంది. పైకప్పు ఎక్కిన మన మూడోవాడు గుర్తున్నాడు కదా!

మదీనాలోని పూర్వ గ్రంథ పండితులలో కొందరు అంతిమ ప్రవక్త (స)ను సొంత కొడుకుల్ని గుర్తుపట్టినంత స్పష్టంగా గుర్తుపట్టారని బఖరా సూరా 146వ ఆయత్ చెబుతోంది. సొంత కొడుకును గుర్తుపట్టడానికి ఆధారాలు కావాలా? అంత తెలిసీ సత్యాన్ని దాచినవారు వారిలో ఉన్నారు. అయితే వారిలోనే అబ్దుల్లాహ్ బిన్ సలాం (రజియల్లాహు అన్హు) కూడా ఉన్నారు. ఆయనకూ అదే జ్ఞానం. ఆయన జాతిలో పేరు, గౌరవం పోతాయని తెలిసే వచ్చి విశ్వసించారు. జ్ఞానం ఒక్కటే, ఫలితాలు రెండు!

ఇక రోము చక్రవర్తి హెరక్లియస్ ఉదంతం సహీహ్ బుఖారీలో మొదటి అధ్యాయంలోనే ఉంది. హుదైబియా ఒడంబడిక తర్వాతి రోజులవి. ఇస్లాం స్వీకరించమని ఆహ్వానిస్తూ దైవప్రవక్త (స) పంపిన లేఖ ఆయనకు అందింది. అప్పటికింకా ముస్లిము కాని అబూ సుఫ్యాన్ వ్యాపారం మీద సిరియా వైపు వెళ్ళి ఉన్నారు. చక్రవర్తి ఆయనను పిలిపించి ఒక న్యాయమూర్తిలా ప్రశ్నలడిగాడు. ఆ మనిషి వంశం ఎలాంటిది? పూర్వీకుల్లో రాజులున్నారా? ఎప్పుడైనా అబద్ధమాడాడా? మాట తప్పాడా? ఆయనను అనుసరించేది గొప్పవారా, బలహీనులా? చేరినవారిలో విసిగి వెనక్కు పోయినవారున్నారా? ఒక్కొక్క జవాబును తూచి చూసి, ఆయన ప్రవక్తేనన్న నిర్ణయానికి వచ్చాడు. దగ్గరుంటే ఆయన పాదాలు కడిగేవాడినని కూడా అన్నాడు. తర్వాత తన ప్రముఖులను భవనంలో సమావేశపరిచి, తలుపులు మూయించి, ఈ ప్రవక్తను అనుసరిద్దామా అని అడిగాడు. వారు అడవి గాడిదల్లా తలుపుల వైపు పరుగెత్తారు. వెంటనే వారిని వెనక్కి పిలిపించి, మీ మతనిష్ఠ ఎంత గట్టిదో పరీక్షించానంతే అన్నాడు!

సోదరులారా! ఎంత చక్కని పరిశోధన! ఎంత సరైన ముగింపు! అన్నీ తెలిశాయి. సింహాసనం ఒక్కటి అడ్డొచ్చింది.

దీని పక్కనే మదీనాలో జరిగిన ఇంకొక సంఘటన పెట్టి చూడండి. హజ్రత్ అబూ తల్హా (ర) ఇంట్లో కొందరు సారాయి తాగుతూ కూర్చున్నారు. బాలుడైన హజ్రత్ అనస్ (ర) పోస్తున్నారు. మద్యం నిషేధించబడిందని బయట ఒక ప్రకటన వినిపించింది. వెంటనే వెళ్ళి పారబోయమని అబూ తల్హా (ర) చెప్పారు. మదీనా వీధుల్లో ఆ రోజు సారాయి పారింది. హెరక్లియస్ అడిగినన్ని ప్రశ్నలు వారు అడగలేదు. వారికి తెలిసింది ఒక్క వార్త. కాని చేతిలో ఉన్న గిన్నె నోటిదాకా పోలేదు. ఇదీ ఈమాన్!

అయితే జ్ఞానం అక్కరలేదా?

ఇక్కడ ఒక అపార్థానికి తావివ్వకూడదు. ఈమాన్ అంటే కళ్ళు మూసుకుని నమ్మడమనీ, తెలివితేటలు విశ్వాసానికి శత్రువులనీ కొందరనుకుంటారు. ఇస్లాం అలా చెప్పలేదు. తాత ముత్తాతలు నడిచిన బాట అనే ఒక్క కారణంతో నడిచేవారిని, ఆ పూర్వీకులకు ఏమీ తెలియకపోయినా అంతేనా అని ఖుర్ఆన్ నిలదీసింది. ఇమామ్ బుఖారీ (రహ్మతుల్లాహ్ అలై) తన గ్రంథంలో మాటకూ పనికీ ముందు జ్ఞానం ఉండాలని ఒక అధ్యాయానికి శీర్షికే పెట్టారు. ఫాతిర్ సూరా 28వ ఆయత్ ప్రకారం అల్లాహ్‌కు నిజంగా భయపడేది జ్ఞానం గలవారే. జ్ఞానం విత్తనం. విత్తనం లేకుండా పైరు రాదు. కాని విత్తనాలు గాదెలో ఉన్నంతమాత్రాన ఊడ్పు అయినట్టు కాదు.

మరి చూడనిదాన్ని ఎలా విశ్వసించాలి? మనం నిత్యం చేసే పనే ఇది. జూన్‌లో కాలువకు నీళ్ళు వదలకముందే రైతు విత్తనాలు సిద్ధం చేసుకుంటాడు. ఎగువ నుంచి నీళ్ళు బయలుదేరడం వాడు చూడలేదు. ఇన్నేళ్ళుగా వచ్చిన నీళ్ళను చూశాడు. అది గుడ్డి నమ్మకం కాదు. చూసిన దాని ఆధారంగా చూడనిదాన్ని నమ్మడం. ఆకాశాల సృష్టి, చచ్చిన నేల వానతో బ్రతకడం, మన పుట్టుక, వీటిని చూపించే ఖుర్ఆన్ కళ్ళకు కనిపించని దైవాన్నీ పరలోకాన్నీ విశ్వసించమంటుంది. కాలువ నీళ్ళు ఒక్కొక్క ఏడు ఆలస్యం కావచ్చు. అల్లాహ్ వాగ్దానం తప్పదు.

విశ్వసించినవాడు ఇంకా తెలుసుకోవాలని కోరుకోవడం కూడా తప్పు కాదు. చనిపోయినవారిని ఎలా బ్రతికిస్తావో చూపమని హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) అల్లాహ్‌ను అడిగారు. నువ్వు విశ్వసించలేదా అన్న ప్రశ్నకు, విశ్వసించాను గాని మనసు స్థిమితపడాలని అడుగుతున్నానని విన్నవించుకున్నారు. అల్లాహ్ కోప్పడలేదు. చూపించాడు.

పండితులు ఖుర్ఆన్‌లోని మాటల ఆధారంగానే నమ్మకంలో మూడు మెట్లు చెప్పారు. విని తెలుసుకున్న నమ్మకం 'ఇల్ముల్ యఖీన్'. కళ్ళారా చూసిన నమ్మకం 'ఐనుల్ యఖీన్'. స్వయంగా అనుభవించిన నమ్మకం 'హఖ్ఖుల్ యఖీన్'. ధవళేశ్వరం కబురు వినడం మొదటిది. గట్టు దగ్గర ఎర్రనీళ్ళు చూడడం రెండోది. ఆ నీళ్ళలో నిలబడడం మూడోది. నరకాన్ని గురించి తకాసుర్ సూరా హెచ్చరించేది ఇదే: మొదటి మెట్టులో మేలుకోనివారు దాన్ని కళ్ళారా చూడవలసి వస్తుంది. మొదటి మెట్టు మీదే లేచి నడిచినవాడు ధన్యుడు. పరీక్ష అంతా అక్కడే ఉంది.

ఒక మహాపండితుని ఆరు నెలలు

ఇది సామాన్యుల సమస్య మాత్రమే అనుకోకండి. ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహ్ అలై) బాగ్దాదులోని నిజామియా విద్యాలయంలో ఆచార్యులు. వందలాది విద్యార్థులు, గొప్ప పేరు. ఆయనే తన జీవితాన్ని గురించి రాసుకున్నారు. తన బోధనలో ఎంత భాగం అల్లాహ్ కోసం, ఎంత భాగం పేరు కోసం అని ఒకనాడు తనను తాను ప్రశ్నించుకున్నారు. జవాబు చూసి భయపడిపోయారు. హిజ్రీ 488లో, అంటే 1095లో, దాదాపు ఆరు నెలలపాటు వెళ్ళాలా ఉండాలా అని నలిగిపోయారు. ఉదయం నిశ్చయించుకుంటే సాయంత్రానికి సడలిపోయేది. చివరికి పాఠం చెప్పబోతే నాలుక తిరగలేదు. అన్నం గొంతు దిగలేదు. అప్పుడు ఆ పదవినీ ఆ పేరునూ వదిలి సిరియా వైపు బయలుదేరారు.

ఆయన ఇచ్చిన ఒక ఉదాహరణ మరువరానిది. ఆరోగ్యం అంటే ఏమిటో, దాని కారణాలేమిటో వైద్యుడికి తెలుసు. అయినా రోగంతో పడుకున్నప్పుడు ఆ వైద్యుడికి ఆరోగ్యం లేదు. ఆరోగ్యాన్ని నిర్వచించడం వేరు, ఆరోగ్యంగా ఉండడం వేరు. షుగరు గురించి అన్నీ తెలిసి కూడా పెళ్ళి విందులో మిఠాయి పళ్ళెం దగ్గరికి జరిగే మనకు ఈ మాట విడమరిచి చెప్పాలా?

నా 72 సెంట్ల కథ

ఇంతవరకు ఇతరుల గురించి చెప్పాను. ఇప్పుడు నా గురించి చెప్పకపోతే ఈ ప్రసంగానికి అర్థం లేదు.

ఒకప్పుడు అరబీ రాని తెలుగు ముస్లిముకు ఖుర్ఆన్ భావాన్ని తెలుగులో చదువుకునే దారి ఉండేది కాదు. చిలుకూరి నారాయణరావు గారు అనే తెలుగు పండితులు మొట్టమొదట ఖుర్ఆన్‌ను తెలుగులోకి తెచ్చారు. ఆయన చేసిన మేలుకు తెలుగు ముస్లిములు కృతజ్ఞులై ఉండాలి. ఆ తర్వాత ఎన్నో అనువాదాలు వచ్చాయి. ఇప్పుడు జేబులోని ఫోనులో కూడా ఉన్నాయి. తెలియదు అనే సాకు మనకు మిగల్లేదు. నాకైతే అసలే మిగల్లేదు. ఎందుకంటే చాలా ఏళ్ళుగా ఖుర్ఆన్ పాఠాలు చెబుతున్నవాణ్ణి.

మా అబ్బా చనిపోయేనాటికి 72 సెంట్ల వరి చేను ఉంది. వారసులం మా అమ్మ, మా ఆపా, నేను. నిసా సూరా 11, 12 ఆయతుల ప్రకారం లెక్క చాలా సులభం. అమ్మకు ఎనిమిదో వంతు, 9 సెంట్లు. మిగిలిన 63లో కొడుకుకు రెండు పాళ్ళు, కూతురికి ఒక పాలు. అంటే నాకు 42, ఆపాకు 21. ఈ లెక్క నేను నల్లబల్ల మీద వేసి పిల్లలకు నేర్పాను. మా చేను లెక్క మాత్రం వేయలేదు.

నాకు చాలా కారణాలు ఉండేవి. ఆపా పెళ్ళికి అబ్బా అప్పు చేశారు కదా, అదే ఆమె వాటా అనుకున్నాను. ఆపా అడగలేదు కదా అనుకున్నాను. 21 సెంట్లు విడగొడితే చేను ముక్కలవుతుందనుకున్నాను. ఆపా కాకినాడలో కుట్టుమిషను మీద ఇల్లు గడుపుకునేది. నేను సార్వా, దాళ్వా రెండు పంటల కౌలూ తీసుకునేవాణ్ణి. పదకొండేళ్ళు గడిచాయి.

ఒక రమజాన్‌లో నేను నిసా సూరా మీదే పాఠం చెప్పాను. వారసత్వపు వాటాలు మనుషులు పెట్టినవి కావనీ, అల్లాహ్ విధించినవనీ, ఆ హద్దులు దాటేవారికి అగ్ని హెచ్చరిక ఉందనీ గొంతెత్తి చెప్పాను. పండుగకు వచ్చిన మా ఆపా ఆ రోజు పరదా వెనక స్త్రీల మధ్య కూర్చుని వింటోంది. ఆ సంగతి నాకు తెలియదు. ఇంటికి వెళ్ళాక అన్నం వడ్డిస్తూ, "బాగా చెప్పావు తమ్ముడూ. అందరికీ అర్థమయ్యేటట్టు చెప్పావు" అంది. అంతే. ఎత్తిపొడుపు లేదు. ఆమె నిజంగానే సంతోషించింది. తమ్ముడు పండితుడయ్యాడని.

ఆ అన్నం నాకు గొంతు దిగలేదు. ఆ రాత్రి నాకు తెలిసింది, నా దగ్గర ఉన్నది ఈమాన్ కాదు, సమాచారం అని. కనీసం ఆ ఒక్క ఆయత్ విషయంలో నేను తెలిసినవాణ్ణి, విశ్వసించినవాణ్ణి కాను. అమానత్ అనే మాటకు అర్థం చెప్పేవాణ్ణి, 21 సెంట్ల అమానత్ మీద కూర్చుని ఉన్నాను.

పండుగ వెళ్ళిన నెలలోపే భాగపంపకాల దస్తావేజు రాయించి రిజిస్టరు చేయించాను. పదకొండేళ్ళ కౌలులో ఆమె వంతు లెక్కగట్టి రెండు విడతల్లో ఇచ్చాను. మా అమ్మ వంతు కూడా అలాగే అప్పగించాను. ఆపా మొదట వద్దంది. "ఇది నేనిస్తున్నది కాదు ఆపా, అల్లాహ్ నీకిచ్చింది. నేను ఆపి ఉంచానంతే. క్షమించు" అన్నాను. గొప్పకోసం ఈ మాట చెప్పడం లేదు. పదకొండేళ్ళు ఆలస్యం చేసినవాడికి గొప్పేముంటుంది? ఈ పాఠం వింటున్నవారిలో చెల్లెలి వాటా మీద, అక్క వాటా మీద, అన్న పిల్లల వాటా మీద కూర్చున్నవారు ఉంటారు. వారికోసం చెబుతున్నాను. నీళ్ళు గుమ్మం దాటకముందే లేవండి!

మనల్ని మనం పరీక్షించుకుందాం

జ్ఞానం విశ్వాసంగా మారడానికి ఏం చేయాలి? నాకు అనుభవంలో తెలిసిన నాలుగు మాటలు చెబుతాను.

మొదటిది: తెలిసిన ప్రతి ఆదేశం దగ్గరా ఆగి, దీన్ని పాటించాలంటే నేను ఏది వదలాలి అని అడగండి. నిద్రా? వడ్డీ రాబడా? పదిమందిలో పరువా? జవాబు దొరికిన చోటే మీ విశ్వాసం సరిహద్దు ఉంది.

రెండోది: విన్న వెంటనే ఒక చిన్న పనైనా చేయండి. ఈమాన్‌కు డెబ్బయికి పైగా శాఖలున్నాయనీ, దారిలోని హాని కలిగించే వస్తువును తీసివేయడం వాటిలో అతి చిన్నదనీ దైవప్రవక్త (స) బోధించారు. అంటే రోడ్డు మీది ముల్లు తీసినా అది ఈమానే. పెద్ద పనికోసం ఎదురుచూస్తూ చిన్నది మానకండి.

మూడోది: ఈమాన్ పెరుగుతుంది, తరుగుతుంది కూడా. ఆయతులు వినిపించినప్పుడు విశ్వాసుల ఈమాన్ పెరుగుతుందని అన్ఫాల్ సూరా తెలుపుతోంది. కాబట్టి ఒక్కసారి తెలుసుకున్నాం కదా అని వదిలేయకండి. తెలిసిన ఆయత్‌నే మళ్ళీ వినండి. ఈసారి ఎదుటివాడి కోసం కాదు, మీ కోసం వినండి.

నాలుగోది: సందేహాలు వచ్చినంత మాత్రాన ఈమాన్ పోయిందని బెంగపెట్టుకోకండి. నోటితో చెప్పడానికి కూడా భయపడే ఆలోచనలు మనసులో వస్తున్నాయని కొందరు సహచరులు దైవప్రవక్త (స)కు విన్నవించుకున్నారు. ఆ భయమే స్పష్టమైన విశ్వాసమని ఆయన వారికి ధైర్యం చెప్పారు. దొంగ ఖాళీ ఇంటికి రాడు కదా!

ఇక ఆ డిగ్రీ అబ్బాయికి నేనిచ్చిన జవాబు చెప్పి ముగిస్తాను. "బాబూ! నీకు తెలిసింది నీకు తెలుసు. దుప్పటి లాక్కుంటున్నందుకు నీకు బాధగా ఉంది. ఆ బాధ నీ జ్ఞానం నుంచి రాలేదు. జ్ఞానానికి బాధ ఉండదు. అది నీ హృదయంలోని ఈమాన్ నుంచి వచ్చింది. అది బ్రతికే ఉంది. రేపు అజాన్ వినబడగానే ఒక్క పని చెయ్యి. నమాజు సంగతి తర్వాత, ముందు ఆ దుప్పటి వదిలెయ్యి."

మర్నాడు ఫజ్ర్‌లో వాడు వెనక వరుసలో నిలబడ్డాడు. మూడో రోజు రాలేదు. నాలుగో రోజు మళ్ళీ వచ్చాడు. ఈమాన్ పెరగడం, తరగడం అంటే అదే. మనందరి కథా అదే.

ఓ అల్లాహ్! మాకు తెలిసినదాన్ని మా హృదయాల్లోకి దించు. మా హృదయాల్లో ఉన్నదాన్ని మా చేతుల్లోకి, కాళ్ళలోకి దించు. ఇతరుల హక్కులు మా దగ్గర ఉండిపోతే, అవి తిరిగి ఇచ్చేవరకు మమ్మల్ని నిద్రపోనివ్వకు. కళ్ళారా చూడకముందే విశ్వసించినవారిలో, నీళ్ళు రాకముందే గట్టు చేరినవారిలో మమ్మల్ని చేర్చు. ఆమీన్!